అనుకున్నదల్లా పైకి అనాలి

ఆ వానాకాలం నా చేతిలో చచ్చినవాళ్లకు లెక్క లేదు. బందిపోట్లు, తోడేళ్లు, ఇనపటోపీల సైనికులు, రెండు తలల మొసలి ఒకటి. అందరూ మా ముందుగదిలోనే, టీవీలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక చచ్చారు. వానలకు బట్టలు బయట ఆరక ఆ గదిలోనే తాళ్లు కట్టాం. తడి దుప్పటి అడ్డం వస్తే తలతో పక్కకు నెట్టి, వంగి చూస్తూ కత్తి దూసేదాన్ని.

నన్ను ఆ పనిలో పెట్టింది మా కోడలు. అప్పటికి ఆమెను కోడలనవచ్చో కూడదో నాకు తెలియదు. మావాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఎండలు తగ్గుతుండగా వాడు తన బట్టలు సర్దుకుని వర్క్‌షాపు దగ్గర ఒక గదికి మారిపోయాడు. విడిపోయే కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. తిరిగొస్తూ దారిలో నాకు మోకాళ్ల మందు కూడా తెచ్చారు. అరుపుల్లేవు, తలుపులు ధడేలుమనడం లేదు. గొడవంటూ ఉంటే మధ్యలో దూరి ఏదో ఒకటి అనేదాన్ని. ఇద్దరూ అంత మర్యాదగా ఉంటే మనం ఎటునుంచి దూరతాం?

కొడుకు వెళ్లాడు, కోడలు ఉండిపోయింది. వేరే ఇల్లు దొరికేదాకా ఉంటానంది. దొరికిందా అని నేను అడగలేదు.

మా పై అంతస్తులో ఒక నర్సు ఉంటుంది. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా అందరూ నర్సమ్మ అనే అంటారు. మెట్ల మీద నన్ను ఆపింది.

"ఏం వదినా, లోకమంతా కోడల్ని తరిమి కొడుకుని ఉంచుకుంటే, నువ్వు కొడుకుని తరిమి కోడల్ని ఉంచుకున్నావంట?"

"నేనేం తరమలేదు. వాడే వెళ్లాడు."

"మరి ఈమె?"

"ఈమె వెళ్లలేదు."

"ఇదేం లెక్కమ్మా!"

"నాకు లెక్కలు రావు గానీ, ఆ తడి గొడుగు కాస్త అవతల పెట్టు. మెట్లన్నీ జారిపోతున్నాయి."

కోడలిది ఆటలు పరీక్షించే ఉద్యోగం. కంపెనీ వాళ్లు తయారుచేసిన వీడియో ఆట దుకాణానికి వెళ్లేముందు ఆమె ఆడి చూస్తుంది. గోడలోంచి మనిషి దూరిపోతున్నాడా, గుర్రం గాల్లో నిలబడిపోతోందా, ఇలాంటివి పట్టుకోవాలి. పెళ్లయిన కొత్తలో "ఆడుకుంటే జీతమిస్తారా?" అని అడిగితే నవ్వింది. "ఒకే గోడకి రోజంతా తల కొట్టుకోవాలి అత్తయ్యా, ఎక్కడో ఒకచోట దూరకపోతుందా అని," అంది.

ఆ వానాకాలం కంపెనీ కొన్ని ఆటల్ని మన భాషలోకి తెచ్చింది. తెరమీద వచ్చే మాటలు చదవగలిగి, ఎన్నడూ ఆటలు ఆడని పెద్దవయసు మనిషి ఒకరు కావాలన్నారట.

"మీరున్నారుగా," అంది కోడలు.

"నేనా? నాకు టీవీలో చానలు మార్చడమే సరిగ్గా రాదు."

"అలాంటివాళ్లే కావాలంట. ఎక్కడ అర్థం కావట్లేదో తెలియాలంటే అర్థం కానివాళ్లే ఆడాలి."

"అంటే నా తెలివితక్కువతనానికి గిరాకీ వచ్చిందన్నమాట."

"అత్తయ్యా!"

"రానీలే. ఇన్నాళ్లకైనా వచ్చింది."

నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేదాన్ని. చదువు కూడా అక్కడే, పెట్టెల మీద అతికించే కాగితాలు చూసి నేర్చుకున్నాను. ఆ తరవాత అచ్చులో ఏది కనబడినా వదల్లేదు. కాబట్టి చదవడానికి భయం లేదు. వేళ్లకూ భయం లేదు. కాజా మిషను మీద రెండు చేతులకీ రెండు పనులు, కాలికి ఇంకో పని. కోడలు నా చేతిలో పెట్టిన రిమోటుకి కాలితో పనే లేదు.

భయమల్లా ఆ పనికున్న పద్ధతి చూసి. మొదటిరోజు కోడలు నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని వివరంగా చెప్పింది.

"ఆడుతున్నంతసేపూ మనసులో ఏమనుకుంటే అది పైకి అనాలి అత్తయ్యా. బావుంటుందా బావుండదా అని చూసుకోకూడదు. నేను పక్కనే ఉంటాను గానీ ఏమీ మాట్లాడను. అడిగినా చెప్పను. తొందర పెట్టను. మీరన్నవన్నీ రికార్డవుతాయి. అదే కంపెనీకి వెళ్తుంది."

"నేను పడిపోతున్నా చెప్పవా?"

"ఆటలో పడితే చెప్పను. కుర్చీలోంచి పడితే లేపుతాను."

మా ఇంట్లో అప్పటిదాకా మనసులో ఉన్నది పైకి అన్న పాపాన ఎవరూ పోలేదు. మావాడు వాళ్ల నాన్న పోలిక, అడిగినదానికి సగం జవాబు చెబుతాడు. కోడలు ఆ సగం కూడా అడగదు. నేను లోపల వందసార్లు అనుకుని, బయటికి "కాఫీ తాగుతారా" అంటాను. అలాంటి ఇంట్లో రోజూ మధ్యాహ్నం ఒక మనిషి ఎడతెరిపి లేకుండా మనసు విప్పి మాట్లాడటం, ఇంకో మనిషి నోరు కుట్టుకుని రాసుకోవడం మొదలైంది.

"చెప్పండత్తయ్యా," అని మీట నొక్కేది కోడలు. అంతే, అక్కణ్ణుంచి ఆమె గోడ.

మొదట ఊళ్లో కార్లు తోలే ఆట ఇచ్చింది. ఎర్రలైటు పడితే ఆగాను. వెనక కార్లన్నీ హారన్లు కొట్టాయి. "కొట్టుకోండి, ముందుకెళ్తే చస్తాం," అన్నాను. ఆ ఆటలో లైట్ల దగ్గర ఆగక్కర్లేదట, అసలు ఎవరూ ఆగరట, నాకు తరవాత తెలిసింది. నేను మాత్రం ప్రతి లైటు దగ్గరా ఆగి, ముసలాయన ఒకాయన రోడ్డు దాటేదాకా చూసి, చివరికి సముద్రం ఒడ్డున కారు నిలిపి కూర్చున్నాను. "ఇక్కడ బావుంది. గెలవకపోయినా పర్వాలేదు. ఒక బల్ల వేయించండి," అన్నాను. కోడలు గబుక్కున లేచి వంటగదిలోకి వెళ్లింది. కొళాయి తిప్పిన చప్పుడైంది. నవ్వు వినబడకుండా ఉండటానికని నాకు అర్థమైంది.

కొట్టుకునే ఆట నచ్చలేదు. ఇద్దరు మగవాళ్లు చొక్కాల్లేకుండా ఎదురెదురుగా నిలబడతారు. "చొక్కాలెందుకు విప్పారు?" అన్నాను ముందు. ఫ్యాక్టరీ బుద్ధి ఎక్కడికి పోతుంది. "గొడవేంటో చెప్పలేదు. ఆస్తా, మాటపట్టింపా? ఏమీ తెలియకుండా ఎవరివైపు ఉండమంటారు? పడినవాడు లేస్తాడు, మళ్లీ మొదటికొస్తాడు, ఇందాకటి దెబ్బ గుర్తే ఉండదు. ఒక సంగతి మాత్రం మెచ్చుకోవాలి. కనీసం ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటున్నారు. అదీ చేతకానివాళ్లు బోలెడుమంది."

ల్యాప్‌టాప్ మీద టకటకలాడుతున్న కోడలి వేళ్లు కాసేపు ఆగాయి. మళ్లీ టకటకలాడాయి.

పొలం ఆటలో గింజ నాటి ముఖం కడుక్కుని వచ్చేలోపు కాయ కాసింది. మొక్కకి ఆ తొందరేమిటో. ఇరుగుపొరుగు మంచివాళ్లే, ఏమిచ్చినా పొంగిపోతారు, కానీ తెల్లారేసరికి నిన్నటిదంతా మరిచిపోయి మళ్లీ కొత్తగా పలకరిస్తారు. "ఇంతకంటే కోపగించుకునేవాళ్లు నయం," అన్నాను.

పైనుంచి పడే ముక్కల్ని సందు లేకుండా సర్దే ఆటలో మాత్రం నన్ను ఆపడం ఎవరితరమూ కాలేదు. మా ప్యాకింగ్ వాళ్లు చొక్కాల పెట్టెలు అలాగే సర్దేవారు. ఒక్కటే ఫిర్యాదు. వరుస చక్కగా నిండితే ఠక్కున మాయమవుతుంది, వంకరగా పడిన ముక్కే కదలకుండా కూర్చుంటుంది. "కుదురుగా ఉన్నవాళ్లని పంపించేసి వంకరవాళ్లని అట్టేపెట్టుకోవడం ఏం న్యాయం?" అన్నాను. అంటూనే ఇంకో వరుస నింపాను.

తుపాకుల ఆట ఒకటుంది. ఒక దీవిలో బోలెడుమందిని దించేస్తారు, చివరికి ఒక్కరు మిగలాలి. నేను దిగగానే దగ్గర్లోని ఇంట్లోకి దూరి, అలమారాలో కూర్చుని తలుపు వేసుకున్నాను. బయట ధనాధన్ మంటోంది. "ఎవరూ ఇటు రాకండి నాయనా, నా దగ్గరేమీ లేదు," అంటూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. చప్పుళ్లు తగ్గాయి. అంతా అయిపోయిందేమోనని తలుపు తీశాను. ఎదురుగా ఒకడు. కాల్చేశాడు. తెరమీద 'రెండవ స్థానం' అని పడింది. కోడలు తన కళ్లను తానే నమ్మలేక తెర దగ్గరికి వెళ్లి చదివింది.

"మొదటిది రాలేదని బాధ లేదు," అన్నాను రికార్డులోకి. "అందరూ పోయాక ఆ దీవిలో ఒక్కడే నిలబడి ఏం చేసుకుంటాడు పాపం."

ఈ ముచ్చట మెట్ల మీద చెబితే నర్సమ్మ గుమ్మానికి ఆనుకుని నవ్వింది. "మీ కోడల్నడుగు, నేనూ ఆడతాను. నీకంటే బాగా దాక్కుంటా," అంది.

ఆ తరవాత వచ్చింది పెద్ద ఆట. దాన్ని పాత్ర ధరించి ఆడే ఆట అంటారని కోడలు చెప్పింది. మనమొక మనిషిగా మారి ఊళ్లు తిరుగుతూ, తోటివాళ్లను కూడగట్టుకుంటూ పోవాలి. ఉత్తరాన ఒక కోటలోంచి మంచు పాకుతూ వచ్చి ఊళ్లను మింగేస్తోంది. ఆ కోటలోకెళ్లి మంచును ఆపాలి. మొదట్లోనే 'నీ పేరు?' అని అడిగింది తెర. ఏం రాయాలో తోచక 'నేను' అని రాశాను. ఇక ఆటలో ప్రతివాడూ నన్ను ఆ పేరుతోనే పిలవడం. "రా, నేనూ, నీకోసమే చూస్తున్నాం!" అంటాడు సత్రం యజమాని. "నేను లేకపోతే మనం బతికేవాళ్లం కాదు," అంటారు వెనక నా గురించి. కోడలు ఆరోజు వంటగదికి మూడుసార్లు వెళ్లింది.

ఆ ఆటలో నాకు తోడుగా చాలామంది చేరారు. ఒంటిచెయ్యి ముసలి సిపాయి. జేబులు కొట్టే పిల్ల. మాట పెళుసైనా చెయ్యి చల్లనైన వైద్యురాలు. మేకలు పోగొట్టుకున్న కాపరి. ఇంకా కొందరు. పగలు తిరిగి, సాయంత్రానికి ఏటిగట్టున గుడారాలు వేసుకుని మంట చుట్టూ కూర్చుంటారు. బయలుదేరేటప్పుడు ముగ్గుర్నే వెంట తీసుకెళ్లాలి, మిగిలినవాళ్లు అక్కడే ఉంటారు. ఉండిపోయినవాళ్లను ఒక్కొక్కరినీ పలకరించనిదే నేను కదిలేదాన్ని కాదు. రొట్టెలు కొనిచ్చేదాన్ని. వాళ్లకు ఆకలి వేయదని, ఆ రొట్టెలు యుద్ధంలో దెబ్బలు మానడానికని అందరికీ తెలుసట. నాకు తెలియదు, కోడలు చెప్పకూడదు. నా డబ్బంతా రొట్టెలకే పోయింది. ముసలి సిపాయి చిల్లుపడ్డ డాలుతోనే తిరిగాడు.

ఇంకో సౌకర్యం ఉంది ఆ ఆటలో. అప్పటిదాకా జరిగింది దాచిపెట్టుకోవచ్చు. తప్పు జరిగితే దాచిన చోటికి తిరిగి రావచ్చు. నేను ప్రతి తలుపు ముందూ దాచేదాన్ని. తలుపు తీసి, లోపలేమీ లేకపోతే బయటికొచ్చి మళ్లీ దాచేదాన్ని. "దీన్ని కనిపెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలి," అన్నాను. "ఇది ఆట కాదు, సంసారం. కార్ల ఆటలో గెలవబుద్ధి కాలేదు, తుపాకుల దాంట్లో దాక్కోబుద్ధయింది. దీంట్లో మాత్రం ఉండిపోబుద్ధవుతోంది."

ఉండిపోయాను కూడా. కోట గుమ్మం దాకా వెళ్లాను. 'లోపలికి వెళితే తిరిగి రాలేవు. సిద్ధమేనా?' అని అడిగింది తెర. కాదు అని నొక్కి వెనక్కి వచ్చేశాను. కాపరి మేకలు ఇంకా దొరకలేదు కదా. అవి వెతికాను. ఒక మిల్లువాడి పిల్లి తప్పిపోతే అది వెతికాను. వితంతువు ఒకామె అద్దం పగిలితే పక్కూరు పట్టుకెళ్లి బాగుచేయించి తెచ్చాను. మళ్లీ కోట దగ్గరికి వెళ్లడం, మళ్లీ కాదు అనడం. ఊళ్లో పనులన్నీ అయిపోయాక చెయ్యడానికేమీ మిగలక, వంతెన మీద నిలబడి ఏట్లో వాన పడుతుంటే చూశాను. కిటికీ బయటా వానే.

కోడలు పక్కన కూర్చుని రాసుకుంది. ఒక్కరోజు కూడా "ఇంకెన్నాళ్లు" అనలేదు. ఫోను మోగితే మాత్రం వంటగదిలోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడేది. "ఇంకా ఆడుతున్నారు సార్," అనేది. "లేదు సార్, మార్చను."

ఒకరోజు పొద్దున్న ఆమె ఆఫీసుకని బయటికి వెళ్లినప్పుడు మావాడు వచ్చాడు. అటకమీద వదిలేసిన పానాలు, స్క్రూడ్రైవర్ల డబ్బా కోసం వచ్చానన్నాడు. గుమ్మంలో బూట్లు విప్పి, తలుపు కింద పాత గోనెపట్టా పెట్టి వాననీళ్లు ఆపాడు. అడగకుండా చేసే పనులు వాడికి ఎప్పుడూ బాగా వచ్చు. గుడ్డట్టు వేసిస్తే నిలబడే తింటూ టీవీ వైపు చూశాడు.

"ఎంతదాకా వచ్చావమ్మా?"

"కోట ముందున్నా."

"పోయిన నెల ఫోన్లోనూ కోట ముందే అన్నావు."

"ముసలాయనకి డాలు లేదురా. అలా ఎలా తీసుకెళ్తాను?"

వాడు పళ్లెం గట్టు మీద పెట్టాడు. "తనకి వేరే ఊళ్లో పెద్ద పోస్టు వచ్చేట్టుంది. నీకు తెలుసా?"

"నీకెవరు చెప్పారు?"

"తనే. ఫోన్లో మాట్లాడుకుంటాంగా."

"మాట్లాడుకుంటారా?"

"విడిపోయాం గానీ మూగబోలేదు కదమ్మా."

ఆ మాట్లాడుకోవడమేదో ఈ ఇంట్లో ఉండగా ఏడిస్తే బావుండేది అనుకున్నాను. అనలేదు.

"ఈ ఆట మీద రిపోర్టు చివరిదాకా రాసి పంపితేనే ఆ పోస్టు," అన్నాడు. "వానలు తగ్గేలోపు పంపాలంట. లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు. నువ్వేమో పిల్లుల్ని వెతుకుతున్నావు."

"మరి నాతో అనలేదేం?"

"తొందర పెట్టకూడదుగా. వాళ్ల పద్ధతి." చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "నిన్ను మార్చేసి ఇంకో పెద్దావిణ్ణి పెట్టుకోమని ఆఫీసువాళ్లు ఎప్పుడో చెప్పారంట. మేడమీద నర్సమ్మ ఆడతానని అడిగింది కూడానంట. తను ఒప్పుకోలేదు."

"ఎందుకని?"

"నన్నడిగితే ఎట్లామ్మా? తను నాకు అర్థమైతే ఇక్కడే ఉండేవాణ్ణి కదా."

డబ్బా చంకన పెట్టుకుని బూట్లు తొడుక్కున్నాడు. మీరిద్దరూ అసలెందుకురా అని అడుగుదామని నోరు తెరిచాను. టీవీ ముందైతే అనేసేదాన్నేమో. గుమ్మంలో అలవాటు లేదు. "గొడుగుందా?" అన్నాను. ఉందన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను మామూలుగా కుర్చీలో కూర్చున్నాను. మావాడు వచ్చిన సంగతి చెప్పాను, వాడు నాతో అన్న సంగతి చెప్పలేదు. గుమ్మం దగ్గర గోనెపట్టా చూసి కోడలు కూడా ఏమీ అడగలేదు.

"చెప్పండత్తయ్యా."

ముందుగా ఊళ్లోకి వెళ్లి, పోగేసిన రొట్టెలన్నీ అమ్మేసి ముసలి సిపాయికి డాలు కొన్నాను. కోట ముందుకు వెళ్లాను. 'లోపలికి వెళితే తిరిగి రాలేవు. సిద్ధమేనా?'

"కాదు గానీ, అవునని నొక్కుతున్నాను," అన్నాను.

కోడలు చప్పున తలెత్తి నావైపు చూసింది. నేను తెరవైపే చూశాను.

కోటలో పెద్ద విశేషం లేదు. మెట్లు ఎక్కువ. మంచురాజు పొడుగ్గా ఉన్నాడు గానీ పసలేదు, ఆ రెండు తలల మొసలే గట్టిది. ఆ మాటే చెప్పాను. ముసలాయన డాలు అడ్డం పెట్టాడు, జేబుదొంగ పిల్ల వెనకనుంచి వెళ్లి రాజు తాళంచెవి కొట్టేసింది, పని అయిపోయింది. "ఇందుకోసమా ఇన్నాళ్లు భయపడ్డాను," అన్నాను. కానీ నేను భయపడింది దానికి కాదు. అది తరవాత వచ్చింది.

మంచు కరిగాక ఏటిగట్టున గుడారాలు విప్పేస్తున్నారు. ఒక్కొక్కరూ మూట కట్టుకుని నా దగ్గరికి వచ్చి నిలబడతారు. ఒక మాట చెబుతారు. కింద ఒకటే బటన్ ఉంటుంది, 'సెలవు' అని. అది నొక్కితే వాళ్లు వెళ్లిపోతారు. నొక్కకపోతే అలాగే చూస్తూ నిలబడతారు.

"ఈ మాట తప్పు," అన్నాను ముందు. "సెలవనేది వెళ్లేవాళ్లు అడుగుతారు. ఉండేవాళ్లు 'వెళ్లి రా' అంటారు. ఇక్కడ వెళ్లేది వాళ్లు, ఉండేది నేను. ఎవరు రాశారో గానీ ఎవర్నీ సాగనంపినట్టు లేరు. మార్చండి."

కాపరి వెళ్లాడు, మేకలతో. ముసలి సిపాయి మనవరాలి దగ్గరికి పోతానన్నాడు, నొక్కాను. జేబుదొంగ పిల్ల ఎక్కడికి పోతుందో చెప్పలేదు. "తిండి ఎట్లా తల్లీ నీకు? మళ్లీ జేబులేనా?" అన్నాను. ఆ పిల్ల నవ్వుతూ నిలబడింది. నొక్కాను.

"మా ఫ్యాక్టరీ మూసిననాడు గేటు దగ్గర ఇంత కూడా జరగలేదు," అన్నాను. "రేపొస్తాంగా అన్నట్టు వెళ్లిపోయాం. అలవాటు. మర్నాడు గేటుకి తాళం. కాజాల వరసలో నా పక్కన కూచున్నావిడ ఇల్లెక్కడో కూడా నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. రోజూ కనిపించే మనిషిని ఇల్లెక్కడని ఎవరడుగుతారు?"

చివరికి వైద్యురాలు వచ్చింది. ఏదో చెప్పింది, నేను సరిగ్గా చదవలేదు. నా బొటనవేలు బటన్ మీద ఉంది.

"ఏమనిపిస్తే అది అనమన్నారు కాబట్టి అంటున్నాను," అన్నాను. "మావాడు వెళ్లిన రోజు నేను అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది. వాడు వస్తాడు, నా కొడుకు, ఎక్కడికి పోతాడు. ఈ అమ్మాయి వెళ్తే నాకేమవుతుందో అని వానలు మొదలైనప్పట్నుంచీ గుండెలు పీచుపీచుమంటున్నాయి. ఆటలో అమ్మాయి సంగతి కాదు నేననేది. కాగితాలు అయిపోయాక మా ఇద్దరికీ ఏ వరసా లేదు, ఏమని పిలిపించుకోవాలో తెలియదు. అందుకే పిల్లుల్ని వెతికాను. కానీ పనున్న చోటికి మనిషి వెళ్లాలి. పెద్ద పోస్టంట. పట్టుకు కూచోకూడదు. నొక్కుతున్నాను."

నొక్కాను. వైద్యురాలు గట్టు వెంబడి నడిచి చెట్ల వెనక్కి పోయింది.

టకటకలు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు. ఆట తయారుచేసినవాళ్ల పేర్లు తెరమీద కిందనుంచి పైకి పోతున్నాయి. కోడలు లేచి వంటగదిలోకి వెళ్లింది. కొళాయి చాలాసేపు తిరిగింది. ఈసారి ఎందుకు తిప్పిందో నేను పైకి అనలేదు. రికార్డు నడుస్తూనే ఉంది. నేను పేర్లన్నీ చదువుతూ కూర్చున్నాను. ఒక ఆటకి అంతమంది పనిచేస్తారని నాకు తెలియదు.

తిరిగొచ్చి రికార్డు ఆపి, "టీ పెట్టాను అత్తయ్యా," అంది. తాగాం. దుప్పట్లు ఆరాయేమోనని చూసి మడతపెట్టాం. ఒకవైపు ఆమె, ఒకవైపు నేను.

పోస్టు ఖాయమైంది. వానలు తెరిపిచ్చాక ఒక ఉదయం రెండు పెట్టెలతో బయలుదేరింది. మావాడే ఒక పెట్టె కిందికి మోసి, బండిలో పెట్టి, స్టేషను దాకా వెళ్లొస్తానని ముందు సీట్లో కూర్చున్నాడు. మేడమీద నర్సమ్మ వరండాలోంచి వంగి, "చిన్నమ్మాయ్, ఈసారి ఆటలు నాకు పంపించు!" అని అరిచింది.

కోడలు గుమ్మంలో చెప్పులు వేసుకుని ఆగింది.

"ఆ 'సెలవు' మాట మార్చారత్తయ్యా. మీరన్నదే పెట్టారు."

"మంచిదైంది."

"ఇంకోటి." ఫోను చేతిలో అటూ ఇటూ తిప్పింది. "రిపోర్టు పంపాను గానీ, చివరిరోజు రికార్డులో ఒక ముక్క మాత్రం నా దగ్గరే ఆపాను. మీరు మాట్లాడింది. అక్కడ చాలామంది వింటారు. ఆడినవాళ్లు వద్దంటే తీసెయ్యొచ్చు. తీసెయ్యమంటారా?"

"నువ్వేమంటావు?"

"నేను చెప్పకూడదు కదా," అంది.

నాకు ఆలోచించడానికేమీ లేకపోయింది.

"ఉండనీ. ఏమనిపించిందని అడిగారు, చెప్పాను. ఆట మీద అభిప్రాయమే అది కూడా. పంపించు."

అక్కడే, గుమ్మంలోనే, ఫోనులో నొక్కింది. పెద్ద రికార్డు, వెంటనే వెళ్లలేదు. ఒక సన్నని గీత ఎడమనుంచి కుడికి నెమ్మదిగా నిండుతోంది. కింద బండి హారన్ మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది. గీత పూర్తిగా నిండేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.